పైపుకు కట్టిన గోనె

దిగిన నలభై రెండో ఏడు, 201వ రోజు

మూడు రోజుల నుంచి నీళ్ళ పైపు నా ప్రాణం తీస్తోంది. అడుగున ఏడో లెవల్ నుంచి పైనున్న తొట్టి దాకా పోయే ఆ ఇనుప పైపు, ఇన్ని గోడలుండగా నా గది గోడనే ఎంచుకుంది. మధ్యాహ్నం గటక జావ తాగి అలా నడుం వాల్చానో లేదో టంగు టంగుమని మొదలవుతుంది. ఆగుతుంది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ టంగు. చప్పుడు ఎక్కడెక్కడో తిరిగి, ఒకదాని మీద ఒకటి పడి, నా చెవికి చేరేసరికి పిచ్చివాడి చేతిలో తప్పెటలా ఉంటోంది.

గోడలోని పలుకుపెట్టెను అడిగితే, "పైపులో గాలి చేరింది, తాతా. రంది పడకు" అంది. మా కమిటీ పెద్ద రాజలింగును అడిగాను. అతను నన్నేమీ అడగకుండా తన పెట్టెను అడిగాడు. అది గాలి అంది. అతను నావైపు తిరిగి, "గాలట, తాతా" అన్నాడు. ఈ పని చేయడానికి మేం అతన్ని ఎన్నుకున్నాం.

ఎప్పుడైనా, ఎవరైనా ఈ పుస్తకం తిరగేస్తే నేనెవరో తెలియాలి కదా. నా పేరు ఓదెలు. పైన ఎండ మనుషుల్ని ఒరుగులు చేయడం మొదలుపెట్టినప్పుడు ఈ పాత బొగ్గుబాయిలోకి దిగినవాళ్ళలో నేనొకణ్ణి. కాళ్ళు బాగున్నంతకాలం కప్పుకు దుంగలు నిలబెట్టేవాణ్ణి. దుంగను సుత్తితో కొట్టి, చప్పుడును బట్టి అది ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో చెప్పేవాణ్ణి. బడికి పోలేదు. బొగ్గు తవ్విన కాలం నాటి రేకు బోర్డులు గోడల మీద మిగిలిపోతే, వాటి దగ్గర నిలబడి అక్షరాలు కూడబలుక్కున్నాను. "కప్పు పరీక్షించనిదే అడుగు ముందుకు వేయరాదు" అన్నది నేను చదివిన మొదటి వాక్యం. అందుకే నా రాతంతా ఎవరినో గద్దిస్తున్నట్టు ఉంటుందని వంటింటి రాజవ్వ ఎగతాళి చేస్తుంది. ఆమె మీద కోపం లేదు. ఆమెకు అక్షరం రాదు కానీ మనిషిని చదవడం వచ్చు.

పలుకుపెట్టె గదికొకటి ఉంటుంది, వాటిలోనే ఒకరితో ఒకరం మాట్లాడుకుంటాం. మస్టర్ సంగతి చెప్పకుండా దాని సంగతి చెప్పలేను. రోజూ పొద్దున ఆరింటికి మొదటి లెవల్ నుంచి ఏడో లెవల్ దాకా నాలుగు వందల పన్నెండు పేర్లు పిలుస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ళు "ఉన్న" అనాలి. ఒక్కరు పలకకపోయినా గంట మోగుతుంది. ఆ మనిషి దొరికేదాకా ఎవరూ పనిలోకి పోకూడదు. మా తండ్రులు పెట్టిన పద్ధతి ఇది. ఆరేళ్ళ కిందట ఒకే నెలలో మూడుసార్లు గంట మోగింది. మూడుసార్లూ లాంతర్లు పట్టుకుని ఏడు లెవళ్ళూ గాలించాం. మూడుసార్లూ రాజలింగు తన గదిలోనే, దుప్పటి కింద గురక పెడుతూ దొరికాడు. ఆ తర్వాత అతనే కమిటీ పెద్దయ్యాడు. అయిన వారంలోనే, మనిషి నిద్రలో ఉంటే వాడి బదులు వాడి గొంతుతో పెట్టే "ఉన్న" అనేట్టు ఏర్పాటు చేయించాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచి మస్టర్‌కు ఒక్క పేరూ తగ్గింది లేదు. అంత నిండు మస్టర్ నా తండ్రి కాలంలోనూ లేదు.

ఈరోజు రాయాల్సిన అసలు ముచ్చట ఇంకొకటుంది. ఏడో లెవల్లో గట్టయ్య ఒంటరిగా ఉంటాడు, పుట్టగొడుగులు పెంచుతూ. నాకూ అతనికీ అరవై ఏళ్ళ దోస్తీ. అందులో మాట్లాడుకున్న ఏళ్ళు ఓ ముప్పై ఉంటాయేమో. నలభై రోజుల కిందట వాడి దుంగల్ని సుత్తితో కొట్టి చూశాను. బోలుగా పలికాయి. "పుచ్చిపోయినయ్, మీదికి రా" అన్నాను. "నా కప్పు, నా ఇష్టం. నీ సుత్తె పట్టుకొని నడువ్‌రా, ఓదెలుగా" అన్నాడు. నడిచాను.

ఈ పొద్దున నా పెట్టెలో వాడి గొంతు వినిపించింది. "ఓదెలన్నా, తప్పు నాదే. దుంగల సంగతి నువ్వు చెప్పిందే నిజం. రెండు రోజులల్ల మీదికొస్త."

గట్టయ్య తప్పు ఒప్పుకున్నాడు! ఆ మాట మళ్ళీ చెప్పమన్నాను. చెప్పాడు. మూడోసారి కూడా చెప్పించుకున్నాను. అయినా నేనుగా దిగను. మాటతో సరిపోదు, కాళ్ళతో రావాలి.

203వ రోజు

పైపు పీడ వదిలింది.

నిన్న కమిటీలో మళ్ళీ మొరపెట్టుకున్నాను. నాలుగో లెవల్ ఆడవాళ్ళు కూడా, చంటిపిల్లలు ఉలిక్కిపడుతున్నారని గొడవ చేశారు. రాజలింగు పెట్టెను అడిగాడు. పైపుకు మెత్తటిదేదైనా చుట్టండి అంది. ఆ పని చేయడానికి ఎవరు ముందుకొచ్చారు? ఎవరూ రాలేదు. మా జనానికి తీర్మానం చేసే ఓపికుంది కానీ ముడి వేసే ఓపిక లేదు. చివరికి డెబ్బై ఆరేళ్ళ ముసలాణ్ణి నేనే పాత గోనెసంచి చీల్చి, నా గది దగ్గర పైపుకు నాలుగు చుట్లు చుట్టి, దుంగలకు వేసే బిగిముడి వేశాను. పనితనం అంటే అదీ. చప్పుడు ఇప్పుడు దూరంగా ఎవరో దిండును గుద్దినట్టుంది.

ఈ మధ్యాహ్నం గంటన్నర నిద్రపోయాను.

గట్టయ్య రాలేదు. మోకాలు నొప్పట. "జర ఓపిక పట్టు, అన్నా" అన్నాడు. అన్నా అంటున్నాడు! అరవై ఏళ్ళలో వాడు నన్ను ఓదెలుగా అనీ, ముసలి నక్కా అనీ, ఇక్కడ రాయలేనివి ఇంకొన్నీ అన్నాడు కానీ, అన్నా అనలేదు. ఒంటరితనం మనిషికి మర్యాద నేర్పుతుందన్నమాట. ఇంకో నెల వదిలేస్తే నా కాళ్ళు కూడా పడతాడు.

206వ రోజు

రాజవ్వ సణుగుతోంది. మూడు రోజులకోసారి ఏడో లెవల్‌కు తాడు మీద టబ్బు దిగుతుంది. అందులో ఆమె గట్టయ్యకు గటక కుండ పెడుతుంది. టబ్బు తిరిగి వచ్చేటప్పుడు అందులో పుట్టగొడుగులూ, ఖాళీ కుండా ఉండాలి. వరుసగా మూడుసార్లు కుండ నిండుగానే వచ్చింది. పుట్టగొడుగుల జాడే లేదు.

"పెట్టెల అడిగిన, బావా. కడుపు బాగలేదన్నడు. పుట్టగొడుగులేవంటే తేమ తక్కువున్నదన్నడు. రాజవ్వక్కా అని గూడ అన్నడు."

"మంచిదే కదా. మర్యాద నేర్చిండు."

"నన్ను అక్కా అన్నోడు గాదు వాడు. ముప్పై ఏండ్ల నుంచి 'ఏమే గటకా' అనే పిలుస్తడు."

నవ్వాను. ఆడవాళ్ళకు మర్యాద చేసినా అనుమానమే అన్నాను. ఆమె గరిటెతో నా గిన్నెలో రోజూ వేసే దానిలో సగమే వేసి వెళ్ళిపోయింది.

210వ రోజు

పొద్దున మస్టర్ అవగానే రాజవ్వ కుండ చంకన పెట్టుకుని నా గదికి వచ్చింది. మూత తీసి నా ముక్కు కింద పెట్టింది. పులిసిన గటక కంపు. దాని మీద ఎర్రగా, చెయ్యి తగలకుండా, పెట్టింది పెట్టినట్టే ఎల్లిగడ్డ కారం ముద్ద.

"నిన్న ఇది పంపిన, బావా. కడుపు నొస్తే గటక ముట్టకపోవచ్చు. ఎల్లిగడ్డ కారం ముట్టకుండ ఉంటడా వాడు? తన పెండ్లాం సచ్చిన నాడు గూడ నాకినోడు."

నిజమే. నేనే చూశాను.

 అయినా ఆమె ముందు చులకనవడం ఇష్టంలేక, "సరే, చూద్దాం" అని పెట్టె దగ్గరికి వెళ్ళాను. గట్టయ్యను పిలిచాను. వెంటనే పలికాడు. ఎప్పుడు పిలిచినా వెంటనే పలకడం, ఇదొకటి నేను ఇన్ని రోజులూ గమనించలేదు. గట్టయ్యను నాలుగుసార్లు పిలవాలి. నాలుగోసారి తిట్టుతో పలుకుతాడు.

"ఏందిరా గట్టా, నీ పుట్టగొడుగులు చెప్పు తోలు లెక్క ఉంటున్నయట. పిల్లలు ఊంచేస్తున్నరు. ఆ కొట్టుకు తాళమేసి, అందుల ఎలుకల్ని పెంచుకో."

ఈ మాట మా బాయిలో ఇంకెవడన్నా పళ్ళు మిగలవు. ఒకసారి నేనన్నందుకు రెండేళ్ళు మాట్లాడలేదు. ఆ పుట్టగొడుగుల మీద వాడికున్న ప్రేమ కన్న కొడుకు మీద కూడా లేదు. అందుకే ఆ కొడుకు వీడి మీద అలిగి మూడో లెవల్లో ఉండిపోయాడు.

పెట్టె మెత్తగా నవ్వింది. "నిజమే, ఓదెలన్నా. ఇకమీద మంచిగ పెంచుత. చెప్పినందుకు సంతోషం."

రాజవ్వ చేతిలోని కుండ జారి కింద పడింది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని ఎత్తలేదు.

నేను గోనె విప్పబోయాను. నేను వేసిన బిగిముడి నాకే ఊడలేదు. కత్తితో కోశాను. చెవి పైపుకు ఆనించాను. చల్లటి ఇనుము, నీళ్ళ జర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపు అలాగే ఉన్నాను. మెడ పట్టేసింది. లేవబోతుండగా వచ్చింది. సన్నగా, దూరంగా, కానీ తేటగా. మూడు. ఆగి, రెండు.

ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లవాడికీ ఉగ్గుగిన్నెతోనే నేర్పుతాం ఆ లెక్కను. తాడు మీద టబ్బు లాగేవాడికి కింది నుంచి పంపే సైగ. మూడు, ఆగి రెండు: మనిషి ఉన్నాడు, లాగు.

పన్నెండు రోజులుగా అదే కొడుతున్నాడు. ఒక్కసారైనా లెక్కపెట్టలేదు నేను. దుంగను కొట్టి దాని ఆయుష్షు చెప్పే మొనగాణ్ణి, పైపు కొడుతుంటే విసుక్కుని దాని నోటికి గుడ్డ కట్టాను.

సుత్తితో ఒక్కటి కొట్టాను. విన్నాను అని. అటు నుంచి చాలాసేపు ఏమీ లేదు. తర్వాత మూడు, రెండు, మూడు, రెండు, ఆపకుండా.

211వ రోజు

నిన్న మధ్యాహ్నమే ఏడో లెవల్‌కు దిగి చూశాను. రాజవ్వ తోడొచ్చింది. టబ్బు ఆగే చోటు నుంచి నూరు అడుగులు నడిచామో లేదో దారి లేదు. కప్పు కూలింది. దారి నిండా, పైదాకా బండలు. నా దుంగలు అగ్గిపుల్లల్లా విరిగి మధ్యమధ్య పొడుచుకొచ్చాయి. గట్టయ్య గది అవతల ఉంది.

ఈ పొద్దున కమిటీలో చెప్పాను. నా మాట అయ్యేదాకా రాజలింగు గోరు గిల్లుకుంటూ కూర్చుని, చివర్లో పెట్టెను అడిగాడు.

"గట్టయ్య తాతా, కప్పు కూలిందా?"

"జర కూలింది, పెద్దయ్యా. నాకేం కాలే. మంచిగున్న. తీరుబాటుగ తీయుర్రి."

"ఇన్నవా, తాతా?" అన్నాడు రాజలింగు నావైపు తిరిగి. "ఆయననే అంటున్నడు, మంచిగున్న అని."

"అది వాడు కాదురా. వాడు నన్ను అన్నా అనడు."

హాలంతా నవ్వింది. గట్టయ్య తిట్టడం లేదని ఓదెలుకు బెంగ పట్టుకుందన్నారు. నేను పైపు మాట చెప్పాను. వచ్చి చెవి పెట్టమన్నాను. నలుగురు వచ్చారు, నా గది చూసిపోదామన్నట్టు. వంతులవారీగా చెవి ఆనించారు. పైపు పలకలేదు. ఆకలితో ఉన్న డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఆ ఘడియలో నిద్రపోయి ఉంటాడు. లేక చెయ్యి లేవక ఉంటుంది. వాళ్ళకు అదేం పట్టింది? ఒకడు నా కాగితాలు తిప్పి చూశాడు. ఇంకొకడు రాజవ్వను, మధ్యాహ్నానికి ఏం వండుతున్నవని అడిగాడు. బండలు తీసే పనిని పదిహేను రోజుల తర్వాతి జాబితాలో ఎక్కించారు.

చివరికి గట్టయ్య కొడుకు దగ్గరికి పోయాను, మూడో లెవల్‌కు. పేరు సాయన్న. నలభై ఏళ్ళవాడు. పంపుల దగ్గర పని. "మా నాయన పొద్దుగాలనే మాట్లాడిండు, పెద్దబాపూ. బిడ్డా, నీ మీద కోపం లేదన్నడు" అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఎన్నేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూశాడో. దాన్ని పెట్టె ఇచ్చింది. నేనెలా లాక్కోను? లాక్కోలేదు. తిరిగొచ్చేశాను. పిరికివాణ్ణి కూడానేమో.

తట్ట, పార తీసుకుని నేనూ రాజవ్వా కిందికి దిగాం.

212వ రోజు

ఇద్దరం ముసలివాళ్ళం. నా నడుం, ఆమె మోకాళ్ళు. ఒక బండ తీస్తే పై నుంచి రెండు జారుతున్నాయి. నేను దుంగ నిలబెట్టనిదే ఆమెను లోపలికి పోనివ్వడం లేదు. ఆమె నన్ను తిడుతోంది. పొద్దంతా కలిపి నాలుగు మూరలు. రాజవ్వ వంటకు సాయంకాలం పోవాలి, లేకపోతే నాలుగు వందల నోళ్ళు. పోయింది, వండింది, పెట్టింది, మళ్ళీ వచ్చింది.

మస్టర్‌లో గట్టయ్య "ఉన్న" అన్నాడు. పైపు మీద కూడా అన్నాడు, మూడూ రెండూ. రెండోది చాలా నీరసంగా ఉంది.

213వ రోజు

రాజవ్వ పొయ్యి ఆర్పింది.

పొద్దున అందరూ గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆమె పొయ్యి మీద నీళ్ళు కుమ్మరించి, బోర్లించిన గుండిగె మీద కూర్చుంది. అంత సంతోషంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

"గటకేది?" అన్నాడు రాజలింగు.

"పెట్టెను అడుగు. కడుపు నిండిందని చెప్తది."

"పరాచికాలాడకు, రాజవ్వా."

"నేను ఆడుతలేను. గట్టయ్య పదిహేను దినాల సంది తినలే. ఆయన మంచిగనే ఉన్నడన్నరు కదా. మీరు గూడ మంచిగనే ఉంటరు. బువ్వ గావాలెనంటే తట్ట పట్టుకొని ఏడో లెవల్‌కు నడువుర్రి. బండలు తీసినోనికే గటక."

పెట్టె నాలుగు వందల పన్నెండు గొంతులు తీయగలదు కానీ ఒక్క గుండిగెడు గటక కాయలేదు. మధ్యాహ్నానికి అరవై మంది దిగారు. నిజం తెలిసి దిగారని ఎవరూ అనుకోవద్దు. ఆకలేసి దిగారు. రాజలింగు కూడా వచ్చాడు. తట్టను రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని. సాయన్న వచ్చి నా పక్కన నిలబడి, పార అందుకున్నాడు. పెట్టెలో వాళ్ళ నాన్న "బిడ్డా, కష్టపడకు, నేను మంచిగనే ఉన్న" అన్నాడట. మా నాయన నన్నెప్పుడూ కష్టపడొద్దనలేదు, పెద్దబాపూ, అన్నాడు.

214వ రోజు

పొద్దుటి నుంచి పైపు మీద జవాబు లేదు. నేను కొడుతూనే ఉన్నాను. ఒక్కటి, ఒక్కటి. రాజవ్వ నా చేతిలోంచి సుత్తి లాక్కుంది. "నువ్వు కొడుతుంటే పనోళ్ళ సప్పుడు ఇనవడుతలేదు, బావా" అంది. అబద్ధం. నా మొహం చూడలేక లాక్కుంది.

మస్టర్‌లో మాత్రం "ఉన్న".

215వ రోజు

మధ్యాహ్నానికి చెయ్యి పట్టేంత సందు పడింది. అందులోంచి వచ్చిన గాలి పుట్టగొడుగుల కుళ్ళు వాసన. సాయన్న దాన్ని మనిషి పట్టేంత చేసి అందులోకి దూరాడు. అతని వెనక నేను. నన్ను దూరనివ్వం అన్నారు. అందరినీ తిట్టి దూరాను.

గట్టయ్య పైపు పక్కన పడి ఉన్నాడు. కాలు మీద దుంగ పడింది. మోకాలి కింద నల్లగా ఉంది. సుత్తి పిడి విరిగిపోతే, ఇనుప ముక్కను నేరుగా చేత్తో పట్టుకుని కొట్టినట్టున్నాడు. ఆ చెయ్యి గురించి రాయను. పైపు ఆ చోట లోపలికి నొక్కుకుపోయి మెరుస్తోంది. పక్కన గోడకు పలుకుపెట్టె నలిగి పడి ఉంది. అది మొదటి రోజే చచ్చిపోయింది. పదిహేడు రోజులుగా మాతో మాట్లాడింది వాడి గది పెట్టె కానే కాదు, మా పెట్టెలే వాడి గొంతు పెట్టుకున్నాయి.

కళ్ళు తెరిచాడు. సాయన్నను చూసి "నువ్వెందుకొచ్చినవ్‌రా?" అన్నాడు. అతను ఏడ్చాడు. అప్పుడు నన్ను చూశాడు.

"ఓదెలుగా."

"ఆ."

"పదిహేడు దినాలు ఊట నీళ్ళు తాగి, నా పుట్టగొడుగులే పచ్చివి తిన్న. నిజంగనే చెప్పు తోలు లెక్కున్నయ్‌రా. మీద ఎవనికన్న చెప్తివా, పండ్లు రాలగొడ్త."

తర్వాత కాసేపు ఊపిరి తీసుకుని, తనలో తాను అన్నట్టు చెప్పాడు.

"ముందుగాల అయిదు దినాలు ఎవ్వడు ఇంటలేడనుకున్న. ఇగ పండుకుందామనుకున్న. గా తెల్లారి కొడితే సప్పుడు మెత్తవడ్డది. ఎవడో పైపు మీద చెయ్యి పెట్టిండు, ఇంటున్నడు అనుకున్న. నీ గది గోడెంబడే కదా పోయేది. ఓదెలుగాడు చెయ్యి పెట్టిండని సమజైంది. గందుకే కొట్టుడు ఆపలే."

చుట్టూ లాంతర్లు. అందరూ నన్ను చూస్తున్నారు.

"నువ్వే కదరా?"

"నేనే" అన్నాను.

217వ రోజు

గట్టయ్యను వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టారు. కాలు నిలవదు. మనిషి నిలుస్తాడు. రాజవ్వ పావుగంటకోసారి ఒక గరిటెడు అంబలి, వేలి కొస మీద ఎల్లిగడ్డ కారం. "ఏమే గటకా, నీళ్ళు పోసినవా, అంబలి పోసినవా?" అన్నాడు. ఆమె పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

వచ్చినవాళ్ళందరికీ వాడు చెప్పేది ఒకటే. "మా ఓదెలుగాడు చెయ్యి పెట్టి ఇన్నడు. ఆని చెయ్యి తగిలినంకనే నాకు పానమొచ్చింది." మొన్న నన్ను చూసి నవ్వినవాళ్ళే ఇప్పుడు చెవులకు చేతులు చేర్చి వింటున్నారు. రాజలింగుకైతే ఆవేశం వచ్చేసింది. నా పేరు మీద ఒక రేకు బోర్డు రాయించి ఏడో లెవల్ మొదట్లో కొట్టిస్తాడట. అక్షరాలు నన్నే రాయమన్నాడు, మంచి చేతిరాత అని.

ఈ పొద్దుటి మస్టర్ గురించి కూడా రాసిపెట్టాలి. "గట్టయ్య" అని పిలవగానే వంటింట్లోంచి "ఉన్నరా, యాడవోత" అని వాడి బొంగురు గొంతు. సరిగ్గా అదే ఘడియలో ఏడో లెవల్ నుంచి ఇంకో గట్టయ్య, తేటగా, నెమ్మదిగా, "ఉన్న". అక్కడ మనిషి లేడు. నలిగిన పెట్టె కూడా లేదు, నిన్న సాయన్న ఊడబీకి తెచ్చాడు. అయినా ఉన్న అన్నాడు. అందరూ విన్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాతి పేరు పిలిచారు.

సాయంత్రం కమిటీ ఏం తేల్చిందంటే: పెట్టెలు ఉండాలి, తీసేస్తే పొద్దున్నే లేవడం కష్టం. కాకపోతే నెలకోసారి ఎవరైనా ఏడో లెవల్ దాకా నడిచి చూసి రావాలి. ఎవరు నడుస్తారన్నది వచ్చే సమావేశంలో. ఈ జనం మీద నాకున్న అసహ్యాన్ని రాయడానికి ఈ పుస్తకంలో కాగితాలు చాలవు. ఇప్పుడు నా వంతు కూడా రాయాలి కాబట్టి అసలే చాలవు.

పెట్టె ఏం చేసింది? ఎదుటివాడికి హాయిగా ఉండే మాట చెప్పింది. నేనేం చేశాను? "నేనే" అన్నాను.

218వ రోజు

మధ్యాహ్నం వంటిల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఈ పుస్తకం తీసుకుని వెళ్ళాను. కోసిన గోనె ముక్క కూడా తీసుకున్నాను. గట్టయ్యకు చదువు రాదు.

"ఏందిరా అది?"

"రోజూ రాసేది. ఇను."

201 నుంచి మొదలుపెట్టాను. నన్ను సుత్తె పట్టుకొని నడువ్‌రా అన్నది కూడా రాశానని విని సంతోషించాడు. 203కు వచ్చేసరికి నా గొంతు దానంతటదే తగ్గింది. "గట్టిగ చదువు" అన్నాడు. చదివాను. చీల్చిన గోనె, నాలుగు చుట్లు, బిగిముడి, గంటన్నర నిద్ర. దేన్నీ దాటెయ్యలేదు.

రాజవ్వ పొయ్యి దగ్గర కట్టె కదిపింది. 

"ఏదిరా గోనె?"

ఇచ్చాను. పట్టీలు కట్టిన చేతుల్తో అటూ ఇటూ తిప్పి చూశాడు. ముడిని వేలితో తడిమాడు.

"మంచిగ ఏసినవ్."

వేలు ముడి మీదే ఉంచాడు.

"ఏడు దినాలు దీన్ని పట్టుకొని బతికిన నేను. గోనె అని ఎరుకుంటే ఆ దినమే పండుకుందు." గోనెను పక్కన పడేశాడు. "ఇప్పుడు నిన్ను ఏం జెయ్యాలెరా?"

"నీ ఇష్టం."

"చెయ్యి ఇటు తే."

కొడతాడనుకున్నాను. నా మణికట్టు పట్టుకుని లాగి, నా అరచేతిని పక్కనే గోడ వెంబడి పోతున్న వంటింటి నీళ్ళ పైపు మీద అదిమాడు. రాజవ్వ గరిటె అందుకుని, నా వేళ్ళకు అంగుళం దూరంలో, వాడిలో మిగిలిన బలమంతా పెట్టి కొట్టాడు. ఎముకల్లోకి ఎక్కింది. మళ్ళీ కొట్టాడు. చెయ్యి తియ్యలేదు నేను, వాడూ తియ్యనివ్వలేదు. ఊపిరి అందక ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

ఈసారి లెక్కపెట్టాను.